పాత ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగుతోంది? ఎస్పీ రోడ్డుకు వెళ్ళేముందు తేల్చుకోవాల్సింది

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్ళలో తెలుగు కుర్రాళ్ళ దగ్గరుండే ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఒకే బాపతు. బీటెక్ ఫస్టియర్‌లో నాన్న కొనిచ్చింది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. 2016 నుంచి 2019 దాకా తక్కువ బడ్జెట్‌లో షోరూముకు వెళ్ళినవాళ్ళకు దాదాపు ఇదే అంటగట్టేవారు. ఇప్పుడు దాన్ని ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా క్రోమ్ తెరుచుకోదు. కొత్తది కొందామంటే కోర్సు ఫీజే ఇంకా బాకీ ఉంది.

ఇక సలహాలకు కొదవుండదు. ర్యామ్ ఎక్కించమని ఒకరు, ఫార్మాట్ కొట్టమని ఒకరు, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ అనే వేగమైన డ్రైవ్ వేయమని ఒకరు, విండోస్ వదిలి ఉచితంగా దొరికే లినక్స్‌కి మారిపొమ్మని ఇంకొకరు చెబుతారు. వీటిలో అబద్ధమేమీ లేదు, ఒక్కోటీ ఎవరో ఒకరికి పనిచేసిందే. కానీ ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. జేబులో మూడు నాలుగు వేలే ఉన్నప్పుడు ఏ కారణమో తేల్చుకోకుండా, కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్పీ రోడ్డుకు వెళ్ళి ఖర్చు పెడితే డబ్బు పోతుంది, మెషీన్ మాత్రం అలాగే ఉంటుంది.

ముందు టాస్క్ మేనేజర్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అయితే ఆన్ చేసిన వెంటనే చూడకండి. ఆ టైమ్‌లో ఏ మెషీనైనా కంగారుగానే ఉంటుంది. పది నిమిషాలు ఆగి, రోజూ చేసే పనే మొదలుపెట్టండి. ఎప్పుడూ ఉండే ట్యాబ్‌లతో క్రోమ్, ఆన్‌లైన్ క్లాసు, వీఎస్ కోడ్, ఏదైతే అది. బండి ఎక్కడ మొరాయిస్తుందో అక్కడ ఆగి సీపీయూ (ప్రాసెసర్), మెమొరీ (ర్యామ్), డిస్క్ అనే మూడు నిలువు వరుసలు చూడండి.

హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్లలో పదింట తొమ్మిది అన్నట్టు ఒకటే దృశ్యం: డిస్క్ 100 శాతం. పక్కనే వేగం చూస్తే సెకనుకు 1 లేదా 2 ఎంబీ. అంటే డిస్క్ క్షణం తీరిక లేకుండా పనిచేస్తోంది, చేసిన పని మాత్రం అతి స్వల్పం. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఫుల్ లోడ్‌లో ఉంటే వేగం ఎక్కువ ఉండాలి కదా?

హార్డ్ డిస్క్‌లో ఒక పళ్ళెం తిరుగుతుంటుంది, దాని మీద సన్నటి చేయి ఒకటి అటూ ఇటూ కదులుతుంటుంది. ల్యాప్‌టాప్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. ఒక ఫైల్ కావాలంటే చేయి సరైన చోటికి కదలడానికి సుమారు 12 మిల్లీసెకన్లు, ఆ చోటు తిరిగి చేయి కిందికి రావడానికి సగటున ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. లెక్కవేస్తే సెకనుకు 60, మహా అయితే 100 చిన్న ఫైళ్ళు తెచ్చివ్వగలదు. విండోస్ మొదలవ్వాలంటే వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు చదవాలి. ఆ తర్వాత యాంటీవైరస్ స్కాన్, అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్స్, క్రోమ్ అన్నీ ఒకేసారి ఆ ఒక్క చేతికే పని చెబుతాయి.

అందుకే ఇదే మెషీన్‌లో రెండు గంటల సినిమా చక్కగా ఆడుతుంది, స్టార్ట్ మెనూ మాత్రం తెరుచుకోదు. సినిమా అనేది డిస్క్ మీద వరుసగా ఉన్న ఒకే పెద్ద ఫైల్, చేయి పెద్దగా కదలక్కర్లేదు. అలాంటి పనిలో పాత డిస్క్ కూడా సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. ముక్కలు ముక్కలుగా అడిగితేనే దాని ప్రాణం పోతుంది.

ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. ఏ ముక్క అడిగినా మిల్లీసెకనులో పదో వంతు అటూ ఇటూగా ఇచ్చేస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే సెకనుకు 550 ఎంబీ అన్న అంకె మనకు అంత ముఖ్యం కాదు. మీ రోజువారీ పనిలో తేడా తెచ్చేది ఈ పదో వంతే. కాబట్టి చాలా పాత మెషీన్‌లో సాటా (డ్రైవ్‌ని బోర్డుకు కలిపే పద్ధతి) రెండో తరం పోర్టు ఉండి ఆ 550లో సగమే వచ్చినా దిగులు పడక్కర్లేదు. ప్రాసెసర్ పాతదన్న దిగులూ ఇలాంటిదే. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్న కారుకు పెద్ద ఇంజన్ బిగించి లాభమేముంది?

డిస్కా, ర్యామా?

ఇప్పుడు అసలు చిక్కుముడి. డిస్క్ 100 శాతం ఉన్నంత మాత్రాన తప్పు డిస్క్‌దే అని తేలదు. ర్యామ్ చాలకపోయినా అదే అంకె కనిపిస్తుంది.

మా పక్క పీజీలో ఉండే అనంతపురం కుర్రాడి మెషీనే తీసుకుందాం. ఐ3-6006యూ, 4 జీబీ ర్యామ్. “అన్నా, ర్యామ్ 16 చేపిస్తే ఎగిరిపోతాదంట కదా” అన్నాడు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమొరీ తెరిచి చూశాం. పైన కనిపించే శాతాన్ని నేను పెద్దగా నమ్మను. దానికంటే కింద “కమిటెడ్” అని ఉండే జంట అంకెలు అసలు సంగతి చెబుతాయి. ప్రోగ్రామ్‌లన్నీ కలిసి మొత్తం ఎంత మెమొరీ అడిగాయో మొదటి అంకె. అతని మెషీన్‌లో అది 6 జీబీ దాటింది. ఉన్నది 4. మిగతా రెండు జీబీల్లో చాలా భాగం ఎక్కడికి పోయినట్టు? పేజ్‌ఫైల్ పేరుతో డిస్క్ మీదికే. ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి మారిన ప్రతిసారీ విండోస్ ఒకదాన్ని డిస్క్ మీదికి తోసి, ఇంకోదాన్ని అక్కణ్ణుంచి లాక్కొస్తోంది. సెకనుకు 60 పనులు చేసే చేతికి ఇదో అదనపు చాకిరీ.

అంటే అతనికి రెండు జబ్బులూ ఉన్నాయి. ఒక్కదానికే డబ్బుంటే ఏది ముందు? నా మాట ఎస్ఎస్‌డీ. ర్యామ్ మాత్రమే వేస్తే ట్యాబ్‌లు మారడం తేలికవుతుంది కానీ ఆన్ కావడం, ప్రోగ్రామ్ తెరుచుకోవడం, అప్‌డేట్ల గోల అలాగే ఉంటాయి. ఎస్ఎస్‌డీ మాత్రమే వేస్తే ఇవన్నీ బాగుపడతాయి, ర్యామ్ కొరత కూడా సగం కనపడకుండా పోతుంది. పేజ్‌ఫైల్ ఇప్పుడు వేగమైన డ్రైవ్ మీద ఉంది కాబట్టి. పోతుంది అనడం లేదు, కనపడదు అంటున్నాను. ర్యామ్ స్పందించే వేగం ఎస్ఎస్‌డీ కంటే ఇంకా వెయ్యి రెట్ల దాకా ఎక్కువ. కాబట్టి ఇంకాస్త డబ్బు సమకూరినప్పుడు మరో 4 జీబీ వేసి 8 చేసుకోవడం మంచిదే. 16 మాత్రం ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, వర్చువల్ మెషీన్ లాంటివి నడిపేవాళ్ళకే.

పేజ్‌ఫైల్ వల్ల ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందని భయపెట్టేవాళ్ళుంటారు. 240 జీబీ డ్రైవ్‌ల మీద 80 టెరాబైట్లు రాయవచ్చని కంపెనీలు హామీ ఇస్తుంటాయి. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా అది తీరడానికి పదేళ్ళు దాటుతుంది. ఆలోపు ల్యాప్‌టాప్ హింజ్ విరిగిపోతుంది.

మీది ముందే 8 జీబీ మెషీన్ అయి, కమిటెడ్ అంకె ఐదారు దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం 100లో ఉంటే లెక్క ఇంకా తేలిక. ర్యామ్ జోలికే వెళ్ళకండి. అలాగే “ర్యామ్ క్లీనర్”, “బూస్టర్” అనే సాఫ్ట్‌వేర్లు ఉంటే తీసేయండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ ఊరికే ఉంచదు, మళ్ళీ అవసరమయ్యే ఫైళ్ళను అందులో దాచిపెడుతుంది. ఈ క్లీనర్లు వాటిని ఊడ్చేసి, ఇంత జీబీ ఖాళీ చేశామని పచ్చరంగులో చూపిస్తాయి. తర్వాత ఆ ఫైళ్ళను మళ్ళీ డిస్క్ నుంచే తెచ్చుకోవాలి.

పైసా ఖర్చు లేనివి, వందల్లో అయ్యేవి

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే ట్యాబ్ ఉంటుంది. మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ సహాయకులు ఆన్ కాగానే లేవకుండా డిసేబుల్ చేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా ఉంటే 15, 20 శాతమైనా ఖాళీ చేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో మెమొరీ సేవర్ ఆన్ చేసి, ఎప్పుడో వేసి మర్చిపోయిన ఎక్స్‌టెన్షన్లు తొలగించండి. రిజిస్ట్రీ క్లీనర్ల వల్ల ఒరిగేదేమీ లేదు. ఫార్మాట్ కొడితే కొన్ని వారాలు బాగుంటుంది కానీ, హార్డ్ డిస్క్ అదే అయితే మళ్ళీ మొదటికొస్తుంది.

వేడి సంగతి వేరు. డిస్క్, మెమొరీ బాగానే ఉండి, మొదటి పావుగంట చురుగ్గా నడిచి, తర్వాత ఫ్యాన్ హోరుతో నెమ్మదిస్తే అది దుమ్ము పని. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఊరు చల్లటిదే కదా అనుకుంటాం. కానీ వైట్‌ఫీల్డ్ వైపు ఒక్క కిటికీ తెరిచి ఉంచితే, పక్కన కడుతున్న బిల్డింగ్ సగం మన ఫ్యాన్‌లోకే వస్తుంది. శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పిస్తే సరిపోతుంది. మీరే గాలి కొడుతుంటే ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో కారణం ఎవరికీ తట్టదు. అదే చార్జర్. కొన్ని ల్యాప్‌టాప్‌లు, ముఖ్యంగా డెల్‌వి, చార్జర్ తమదేనని గుర్తించలేకపోతే ప్రాసెసర్ వేగాన్ని బాగా కోసేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం ఎంత పని పెట్టినా 0.8 గిగాహెర్ట్జ్ లాంటి చోట కదలకుండా ఉంటే, డూప్లికేట్ చార్జర్‌నో విరిగిన పిన్‌నో అనుమానించండి. ఎస్ఎస్‌డీ వేసినా ఇది తీరదు.

షాపులో

కొనేముందు ఒక పని తప్పనిసరి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో “కాషన్” అని వస్తే నెమ్మదికి కారణం వయసు కాదు, డిస్క్ చచ్చిపోతోంది. మిగతావన్నీ పక్కనపెట్టి ముందు సర్టిఫికెట్లు, ఫోటోలు కాపీ చేసుకోండి.

ఎస్పీ రోడ్డు అంటే సాదర్ పత్రప్ప రోడ్డు. గ్రీన్ లైన్‌లో చిక్కపేట స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. ధరలు నేను రాయను, ఎందుకంటే 2025 చివర్లో మెమొరీ చిప్‌లను ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోవడం మొదలయ్యాక ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ బాగా పెరిగాయి, పాత అంకెలన్నీ తప్పయిపోయాయి. బయల్దేరే రోజు పొద్దున ఆన్‌లైన్‌లో రేటు చూసుకుని వెళ్ళండి. నాలుగు షాపులు తిరగండి.

మీ మెషీన్‌కు పట్టేది ఏదో ఇంట్లోనే తేల్చుకోవాలి. హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు చాలావరకు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. 2017 తర్వాతి కొన్ని మోడళ్ళలో ఎం.2 అనే సన్నటి స్లాట్ కూడా ఉంటుంది. అలా ఉంటే హార్డ్ డిస్క్ తీయకుండానే ఎస్ఎస్‌డీ పెట్టొచ్చు, ఇంతకంటే మంచి సౌకర్యం లేదు. కానీ ఆ స్లాట్ సాటా రకానిదా ఎన్‌వీఎంఈ రకానిదా అన్నది మోడల్ నంబర్‌తో కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవాలి. రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. ర్యామ్ విషయంలో టాస్క్ మేనేజరే సాయం చేస్తుంది. మెమొరీ పేజీలో వేగం 1600 అని ఉంటే డీడీఆర్3 రకం, 2133 నుంచి 2666 మధ్య ఉంటే సాధారణంగా డీడీఆర్4. రెండు స్లాట్లలో ఎన్ని వాడారో కూడా అక్కడే ఉంటుంది. “రో ఆఫ్ చిప్స్” అని కనిపిస్తే ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నట్టు. డీడీఆర్3లో నాలుగో, ఐదో తరం ఇంటెల్ మెషీన్లకు 1.35 వోల్టుల ‘ఎల్’ రకమే అడగండి.

240 లేదా 256 జీబీ చాలామందికి సరిపోతుంది. సినిమాలు పాత డిస్క్‌లో ఉంచుకోవచ్చు. దానికి యూఎస్‌బీ కేస్ కొంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అయిపోతుంది. డీవీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాని స్థానంలో క్యాడీ (డిస్క్ పట్టే తొడుగు) వేసి అక్కడే బిగించొచ్చు, 9.5 మిల్లీమీటర్లా 12.7 మిల్లీమీటర్లా అని కొలిచి వెళ్తే చాలు. ఏదేమైనా పాత డిస్క్‌ని షాపులో వదిలి రాకండి. ఐదేళ్ళ జీవితం ఉంటుంది అందులో.

పేరు వినని బ్రాండ్‌లో 1 టీబీ మరీ చవగ్గా వస్తోందంటే ఆగండి. లోపల తక్కువ కెపాసిటీ పెట్టి ఎక్కువ చూపించే నకిలీలు ఉన్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి నిజం తేలుస్తుంది. కొత్తదని అమ్మిన డ్రైవ్‌ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూసినప్పుడు “పవర్ ఆన్ అవర్స్” వేలల్లో ఉంటే అది ఎవరో వాడేసింది. కన్నడంలో “బిల్ కొడి అణ్ణా” అని బిల్లు అడిగి తీసుకోండి, లేకపోతే మూడేళ్ళ వారంటీ కాగితం మీదే ఉండిపోతుంది.

చివరగా విండోస్. బిగించినవాళ్ళే విండోస్ ప్రో వేసి, క్రాక్‌తో యాక్టివేట్ చేసి ఇవ్వడం మామూలే. వద్దనండి. క్రాక్ పనిచేయడానికి ముందు డిఫెండర్‌ని ఆపేస్తారు, ఆ తర్వాత లోపలికి ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు. అసలు అవసరమే లేదు. విండోస్ 10తో వచ్చిన ల్యాప్‌టాప్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. డిస్క్ మార్చినా, మెషీన్‌తో వచ్చిన ఎడిషనే, అంటే హోమ్ అయితే హోమే, వేసి నెట్‌కు కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్ మీదికి దించడానికి క్లోన్‌జిల్లా లాంటివి ఉన్నాయి. కానీ ఐదేళ్ళ చెత్తను మోసుకెళ్ళడం కంటే కొత్తగా వేసుకోవడమే నాకు నచ్చుతుంది.

విండోస్ 10 గడువు, లినక్స్ మాట

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్ళకు 2026 అక్టోబర్ 13 దాకా గడువు ఇచ్చారు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇలాంటి పాత ప్రాసెసర్ల పేరులో గీత తర్వాతి అంకె చూస్తే తరం తెలుస్తుంది: ఐ5-8250యూ ఎనిమిది, ఐ3-6006యూ ఆరు. మా అనంతపురం కుర్రాడి మెషీన్ ఎంత వేగంగా మారినా ఈ గోడ దాటలేదు. అడ్డదారిలో విండోస్ 11 వేసే పద్ధతులున్నాయి, కానీ అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో ఆ రిస్క్ నాకు సమ్మతం కాదు.

అక్కడే లినక్స్ అక్కరకొస్తుంది. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు 4 జీబీలో హాయిగా నడుస్తాయి. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. పైథాన్, జావా నేర్చుకునేవాళ్ళకు ఇబ్బందేమీ ఉండదు, తెలుగు టైపింగ్ కూడా ఉంది. ట్యాలీ, ఫోటోషాప్, కంప్యూటర్‌లో వేసుకునే ఎంఎస్ ఆఫీస్ తప్పనిసరి అయితే మాత్రం అటు వెళ్ళి ఇరుక్కోకండి. కేవలం బ్రౌజర్‌తో గడిచిపోయేవాళ్ళకు గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది, 4 జీబీ ర్యామ్ చాలు.

డబ్బు పెట్టకూడని మెషీన్లు

సెలెరాన్ ఎన్3060 లాంటి చిన్న ప్రాసెసర్, బోర్డుకే అతికించిన 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్ ఉన్న చవక ల్యాప్‌టాప్‌ల మీద రూపాయి కూడా పెట్టకండి. ఇక్కడ సీపీయూ నిజంగానే చాలదు, మార్చే వీలూ లేదు. స్క్రీన్, కీబోర్డ్, బ్యాటరీ మూడూ పోయిన మెషీన్‌కు కూడా ఎస్ఎస్‌డీ వేయించి లాభం లేదు.

అలాంటప్పుడు ఆ మూడు నాలుగు వేలకు ఇంకొంత కూడబెట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన ఎనిమిదో తరం బిజినెస్ ల్యాప్‌టాప్ చూసుకోవడం నయం. కంపెనీలు మెషీన్లు మార్చే ఊరు కాబట్టి ఇక్కడ ఇలాంటివి బాగానే దొరుకుతాయి. షాపులోనే బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్) తెరిచి పాస్‌వర్డ్ లాక్ లేదని చూడండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ, ఒక స్లాష్, దాని వెంట బ్యాటరీరిపోర్ట్ అని ఖాళీ లేకుండా రాసి ఎంటర్ నొక్కండి. వచ్చే ఫైల్‌లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే, కొత్త బ్యాటరీ ధర ఎంతో అక్కడే కనుక్కుని బేరంలో అంత తగ్గించమనండి.